కార్డులో ఖాళీ గళ్లు

(హనుమకొండలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు, రిటైరైన ఒక ఆరోగ్య పర్యవేక్షకురాలు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసుకున్నాం. ఒకటికి రెండుసార్లు చెప్పినవి మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరం జరపండి సార్, నా గొంతుకు మైకు అక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైగా తండాల్లో, వాడల్లో చెట్ల కింద నిలబడి "సూదులేస్తున్నం, పిల్లల్ని పట్టుకరాండ్రి" అని అరిచిన గొంతు ఇది. (నవ్వులు)

హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, టీకాల మీద ఒక అరగంట చెప్పండమ్మా అన్నారు. సరే సార్, వచ్చేవాళ్లను పిల్లల టీకా కార్డులు తెమ్మని చెప్పండి అన్నాను. ఇందాక గేటు దగ్గర నిలబడి చూశాను. ఇంతమంది వచ్చారు, కార్డు తెచ్చినవాళ్లు పద్నాలుగు మంది. పర్లేదు, కోప్పడను. ఆ పద్నాలుగూ తీసుకుని ఆఫీసు రూములో కూర్చుని తిరగేశాను. అన్నీ ఒకే తీరు. పుట్టినరోజు గడి నిండింది. నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలల గళ్లు నిండాయి. తొమ్మిది నెలల గడిలో కూడా తారీఖు ఉంది. ఏడాదిన్నర గడికి వచ్చేసరికి సగం కార్డుల్లో ఏమీ లేదు. ఐదేళ్ల గడి మూడింటిలోనే నిండింది. పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి ఉంటాయని తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. ఒకరు మా ఆశా, ఆమె లెక్కలోకి రాదు. (నవ్వులు)

పిల్లగాడు ఒళ్లో ఉన్నన్నాళ్లు కార్డు దిండు కింద ఉంటుంది. నడక నేర్చాక బీరువాలోకి పోతుంది. బడికి పోవడం మొదలుపెట్టాక అది ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను ఇవాళ ఆ ఖాళీ గళ్ల గురించే మాట్లాడతాను. మొదటి ఏడాది సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆసుపత్రిలోనే కాన్పులవుతున్నాయి కాబట్టి క్షయకు వేసే బీసీజీ, పోలియో చుక్కలు, ఇరవై నాలుగు గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి అక్కడే అయిపోతాయి. తర్వాత ఆశా వచ్చి తలుపు కొడుతుంది. ఆ గళ్లు నిండటంలో మీ శ్రద్ధ సగం, ఆమె చెప్పుల అరుగుదల సగం.

ఏడాదిన్నరకు ఏం వేస్తారు? డీపీటీ బూస్టరు, తట్టు-రుబెల్లా రెండో డోసు, పోలియో బూస్టరు. డీపీటీ అంటే కంఠసర్పికి (డిఫ్తీరియా), కోరింత దగ్గుకు, ధనుర్వాతానికి కలిపి వేసేది. బూస్టరు అంటే బలం నిలవడానికి మళ్లీ వేసేది. ఐదారేళ్లకు డీపీటీ రెండో బూస్టరు. పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ. టీడీ అంటే ధనుర్వాతానికి, కంఠసర్పికి కలిపి వేసేది. "చిన్నప్పుడు మూడుసార్లు పొడిచారు కదా, మళ్లీ ఎందుకు?" అని అడుగుతారు. మీ ఇంటికి సున్నం వేసిన మనిషిని అడగండి. మొదటి చెయ్యి వేస్తే గోడ తాగేస్తుంది. రెండో చెయ్యి వేస్తే నిలుస్తుంది. నాలుగు వానాకాలాలు పోయాక మళ్లీ ఒక చెయ్యి వేయాలి. కంఠసర్పి టీకా అచ్చం అంతే, ఏళ్లు గడిచేకొద్దీ దాని బలం తగ్గుతుంది.

కంఠసర్పిని మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. నేను చూశాను. గొంతులో బూడిదరంగు పొర పడుతుంది. గీకితే రాదు, రక్తం వస్తుంది. మెడ ఎద్దు మెడలా వాస్తుంది. ఊపిరి అందదు. అది దాటినా, దాని విషం గుండెకు ఎక్కుతుంది. అది పాతకాలపు జబ్బు అనుకోకండి. హైదరాబాద్ ఫీవర్ హాస్పిటల్‌కు ఇప్పటికీ ఈ కేసులు వస్తాయి, వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒళ్లో పిల్లలు కాదు, బడి ఈడు పిల్లలు. ఖాళీ గళ్ల పిల్లలన్నమాట.

ఇంకో విచిత్రం చెప్తాను. పిల్లవాడు సైకిల్ మీంచి పడి మోకాలు దోక్కుపోతే, రాత్రి తొమ్మిదింటికైనా టీటీ వేయించాలని పరుగెత్తుతాం. అదే టీకా, పైగా ఇంకో జబ్బుకు కూడా పనిచేసేది, పదేళ్లు నిండగానే ఊరికే వేస్తామంటే మాత్రం "వాడికి ఏమైందని సూది?" అంటాం.

మధ్యలో ఒక డోసు తప్పితే చాలామందికి టెన్షన్, మళ్లీ మొదటి నుంచి వేయాలేమోనని. సమ్మక్క జాతరకు పోయి వారం ఆగిపోయిందనో, బిడ్డను తీసుకుని తల్లిగారింటికి పోయిందనో, పిల్లవాడికి జలుబు చేసిందనో ఆపేస్తారు. ఆపేశాక రావడానికి మొహమాటం, నర్సమ్మ తిడుతుందని. తిడితే తిట్టించుకోండి కానీ రండి. మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదు, ఆగిన దగ్గర నుంచే అందుకుంటాం. మామూలు జలుబు, కొద్దిపాటి జ్వరం టీకాకు అడ్డం కాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. దీన్ని మీటింగుల్లో ఎప్పుడూ చెప్పలేదు. రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరింది 1990లో. టీకాల కార్యక్రమం 1985లో మొదలై, జిల్లా తర్వాత జిల్లాకు పాకి, అప్పుడప్పుడే దేశమంతా అందిన రోజులు. తట్టు టీకా ఐదుగురికి సరిపడే బుడ్డిలో పొడిలా వచ్చేది. నీళ్లు కలిపామంటే కొన్ని గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. ఒక్క బిడ్డ కోసం బుడ్డి విప్పితే నాలుగు డోసులు దండగ. దండగ చేసిందని పైవాళ్లతో మాట పడాల్సి వస్తుందేమోనని నాకు భయం, కొత్త ఉద్యోగం కదా.

నర్సంపేట వైపు ఒక తండా. మిరపకాయ ఏరే రోజులు. మధ్యాహ్నం నేను డబ్బా సర్దుకుంటుంటే ఒక తల్లి చేను నుంచి ఉరుక్కుంటూ వచ్చింది. తొమ్మిది నెలలు దాటిన ఆడపిల్ల. ఆ తల్లి పిల్లను అరచేతులతో పట్టుకోలేదు. చేతులకు మిరప ఘాటు ఉంది కదా, పిల్లకు అంటుకుంటుందని రెండు మోచేతుల మధ్య ఇరికించి ఎత్తుకొచ్చింది. నేనేమన్నాను? "ఒక్కదాని కోసం విప్పలేనమ్మా, వచ్చే శనివారం ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని రా" అన్నాను. ఆమె సరే అని అట్లనే మోచేతులతోనే తీసుకుని పోయింది.

వచ్చే శనివారానికి వాళ్లు అక్కడ లేరు, కూలికి వేరే ఊరు పోయారు. మళ్లీ నేను చూసేసరికి ఎండలు ముదిరాయి. పిల్లకు తట్టు పోసింది. అది తగ్గుతుండగా నిమ్ము, అంటే న్యుమోనియా. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పిల్ల బతికింది, ఆ మాట ముందే చెప్తాను, మీరు కంగారు పడకండి. కానీ ఆసుపత్రి వరండాలో ఆ తల్లి నన్ను గుర్తుపట్టి, కోపం లేకుండానే అంది: "నువ్వే కదక్కా శనివారం రమ్మన్నది."

అంతే అంది. ఆ తర్వాత నా సర్వీసులో ఒక్క బిడ్డ కోసం బుడ్డి విప్పను అని ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రూలు కూడా అదే. ఒక్క బిడ్డ వచ్చినా విప్పాల్సిందే. ఎవరైనా మిమ్మల్ని "నలుగురు రానీ" అని వెనక్కి పంపితే, అక్కడే కూర్చోండి. మర్యాదగానే, కానీ కూర్చోండి.

ఈ నీలం డబ్బా మా సబ్‌సెంటర్ అమ్మాయిని అడిగి తెచ్చాను. ముందు వరసలో ఉన్న పిల్లలు రండి, చూడండి. చుట్టూ నాలుగు ఐస్ ప్యాకులు, మధ్యలో కవర్లో టీకా బుడ్లు. ఐస్ ప్యాకును ఫ్రీజర్లోంచి తీసి నేరుగా ఇందులో పెట్టకూడదు. బల్ల మీద పెట్టి చెమట పట్టనివ్వాలి. తర్వాత ఇట్లా చెవి దగ్గర ఊపాలి. నువ్వు ఊపు నాన్నా. ఏం వినిపించింది? నీళ్ల చప్పుడు. ఆ గలగల వినిపిస్తేనే లోపల పెట్టాలి. ఎందుకంటే, ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని అందరూ అనుకుంటారు కానీ, ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్, హెపటైటిస్ బి, టీడీ టీకాలు గడ్డకట్టాయంటే పాడైపోయినట్టే. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు.

ఇప్పుడు ఈ బుడ్డి మీద చూడు. చిన్న గుండ్రం, దాని లోపల చిన్న చదరం. చదరం తెల్లగా, చుట్టూ ఉన్న గుండ్రం దానికంటే ముదురుగా ఉందా? ఉంది. అంటే మంచిది. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. చదరం, గుండ్రం ఒకే రంగుకు వచ్చాయంటే పారేయాలి. చదువు రానివాళ్లు కూడా చూసి చెప్పొచ్చు. టీకా వేసేముందు "ఒకసారి బుడ్డి చూపించమ్మా" అని అడగండి. అడిగితే మాకు కోపం రాదు, ఒళ్లు దగ్గర పెట్టుకుంటాం.

నెలన్నర బిడ్డకు ఒకే రోజు మూడు సూదులు, రెండు రకాల చుక్కలు చూసి తల్లులు ఏడుస్తారు. నిజమే, చూడటం కష్టమే. పెంటావాలెంట్ అనే ఒక్క సూదిలోనే ఐదు జబ్బుల మందు ఉంది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఇంకా నిమ్ము, మెదడు పొరల జ్వరం తెచ్చే హిబ్ అనే క్రిమి. లేకపోతే సూదులు ఇంకా ఎక్కువయ్యేవి. ఆ రోజు రాత్రి జ్వరం రావచ్చు, తొడ గట్టిపడొచ్చు. పారాసిటమాల్ చుక్కలు ఎంత వేయాలో నర్సమ్మ బిడ్డ బరువు చూసి చెప్తుంది. తడిగుడ్డ వేయండి, రుద్దకండి. పసుపు, కాఫీపొడి, ఏమీ పూయకండి. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న గుల్ల లేచి, పుండై, మచ్చ పడుతుంది. దానికి మందు రాయకూడదు. వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోమంటాం, కూర్చోండి. బస్సు పోతుందని లేచిపోకండి.

ఇక తట్టు. మా నానమ్మ ముఖం మీద మశూచి గుంటలు ఉండేవి. నా చేతి మీద మశూచి టీకా మచ్చ ఉంది, ఇదిగో. నా కూతురి చేతి మీద లేదు. 1975లో మన దేశంలో ఆఖరి మశూచి కేసు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఇంక ఆ టీకాతో పని లేకుండా పోయింది. పోలియో కూడా అట్లనే. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు కాజీపేట స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రైలు దిగే పిల్లలను వెతికి వెతికి చుక్కలు వేశాం, వేలికి సిరా పెట్టాం. 2011 జనవరిలో బెంగాల్లో వచ్చిందే ఆఖరి కేసు. 2014లో పోలియో లేని దేశమని సర్టిఫికెట్ వచ్చింది.

తట్టు మాత్రం పోలేదు. అది మశూచి కంటే మొండిది. టీకా లేని పిల్లల మధ్య ఒక్కరికి వస్తే పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకుంటుంది. నూటికి తొంభై ఐదు మందికి రెండు డోసులూ పడితేనే అది ఊళ్లో పాకకుండా ఆగుతుంది. రెండో డోసు ఎక్కడుంది? ఏడాదిన్నర గడిలో. ఆ సగం కార్డుల్లో ఖాళీగా ఉన్న గడిలో.

తట్టు పోస్తే అమ్మవారు వచ్చిందంటాం. నేను పోచమ్మకు బోనం ఎత్తే ఇంట్లో పుట్టినదాన్నే. గుమ్మానికి వేపమండ కట్టండి, నేనూ కడతాను. బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టి నలుగురిని రానివ్వకపోవడం మన పెద్దవాళ్లు చేసిన మంచి పని. కానీ "ఆసుపత్రికి తీసుకపోతే అమ్మకు కోపం వస్తుంది" అనే మాట ఎవరు పుట్టించారో నాకు తెలియదు. తట్టు పోసిన బిడ్డకు విటమిన్ ఎ వేయాలి, లేకపోతే కళ్లు దెబ్బతింటాయి. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే అది నిమ్ము, ఆ పూటే తీసుకుపోవాలి. తట్టు ఇంకో దొంగపని చేస్తుంది. ఒళ్లు అంతకుముందు ఏ జబ్బుల మీద పోరాడి నేర్చుకుందో ఆ చదువును చెరిపేస్తుంది. అందుకే తట్టు పోసిన పిల్లలు తర్వాత చాలాకాలం వేరే జబ్బులతో పడిపోతుంటారు.

తట్టు టీకా వేయిస్తే పిల్లలకు ఆటిజం వస్తుందని వాట్సాప్‌లో వచ్చే మాట కూడా అడుగుతారు, ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1998లో ఇంగ్లండులో ఒక డాక్టరు పన్నెండు మంది పిల్లలను చూపించి ఒక వైద్య పత్రికలో అట్లా రాశాడు. ఆ రాత తప్పుడుదని తేలి 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరు రిజిస్ట్రేషనూ పోయింది. లక్షలమంది పిల్లలను చూసిన పరిశోధనల్లో అలాంటి సంబంధమేమీ కనిపించలేదు.

ఇప్పుడు ఆటల సంగతి. హెడ్మాస్టరు గారు గడియారం చూస్తున్నారు కానీ ఇది చెప్పకుండా దిగను.

ఆటకు కార్డు లేదు. ఉంటే దాంట్లోనూ ఇవే గళ్లు ఖాళీగా ఉండేవి. ఏడాది దాటిన, ఐదేళ్లలోపు పిల్లలు రోజంతా కలిపి మూడు గంటలు మసలాలని, ఐదేళ్లు దాటినవాళ్లు రోజుకు కనీసం గంటసేపు చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మొదటిదానికి బాధ లేదు, అంగన్‌వాడీ పిల్లలను కూర్చోబెట్టడమే కష్టం. రెండోదే మనం ఎగ్గొట్టేది. ఒకటో తరగతి నుంచి ట్యూషన్. ఆరో తరగతి నుంచి పీఈటీ పీరియడ్‌ను లెక్కల సారు తీసుకుంటాడు. సార్, మీ బడిలో అని అనలేదు. (నవ్వులు, చప్పట్లు) మా మనవడు చదివే ప్రైవేటు బడికి గ్రౌండే లేదు, మూడంతస్తుల బిల్డింగు. స్పోర్ట్స్ డే ఫంక్షన్ హాల్లో చేశారు, పిల్లలు టైల్స్ మీద జారిపడ్డారు.

చిర్రగోనె ఆడిన తండ్రులు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చాలామందే. మీ పిల్లల్లో దాని పేరు తెలిసినవాళ్లు? ఆదివారం పూట వడ్డేపల్లి చెరువు కట్ట మీద వాకింగ్ చేసేవాళ్లందరూ యాభై దాటినవాళ్లే. షుగరు వచ్చాక డాక్టరు నడవమంటే నడుస్తున్నారు. పిల్లవాడు ఇంట్లో ఫోన్ చూస్తున్నాడు. వెంట తీసుకురండి, వాడు కట్ట మీద నడవడు, ఉరుకుతాడు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. పదకొండు, పన్నెండేళ్లు రాగానే "ఇంక ఆటలేంటి, పెద్దమనిషివయ్యావు" అని ఆపేస్తాం. ఎముకలు గట్టిపడే వయసే అది. పర్వతగిరి మండలం కల్లెడ ఊరి అమ్మాయి జీవంజి దీప్తి, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. అదే ఏడాది ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో రికార్డుతో బంగారం తెచ్చింది. మనకు గంటన్నర దూరం కూడా లేని ఊరు. పతకాలు మీ ఇంటికి రావాలని కాదు నేను చెప్పేది. ఖోఖో ఆడతానన్న పిల్లను "కూర్చో" అనకండి చాలు.

ఆడలేకపోతున్నదంటే, పది అడుగులకే ఆయాసమంటున్నదంటే మాత్రం చూడండి. కింది కనురెప్ప లాగి చూడండి, తెల్లగా పాలిపోయి ఉందా? మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో పదిమందికి ఏడుగురికి రక్తం తక్కువ అని కేంద్రం చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ గోలీ, చిన్నవాళ్లకు గులాబీ రంగుది, పెద్దవాళ్లకు నీలం రంగుది, అన్నం తిన్నాకే వేసుకోవాలి. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. నాకు తెలుసు, ఎన్ని కిటికీల కింద ఏరానో. ఫిబ్రవరిలో, ఆగస్టులో నులిపురుగుల గోలీ ఇస్తారు, ఆ రోజు బడి మానిపించకండి.

ఏమైనా అడుగుతారా? వెనక నుంచి చెయ్యి... ఆ, అవ్వా, చెప్పు.

(వెనక వరసలో ఒక పెద్దావిడ: "మా మనవడి కార్డు వరదల్ల పోయింది. వాళ్లమ్మ లేదు. ఏమేమి ఏసిన్రో నాకు ఎరుక లేదు. ఇప్పుడు ఏంజెయ్యాలె?")

కార్డు పోతే ఏం కాదు అవ్వా. ఆ ఊరి ఏఎన్ఎం, అదే నర్సమ్మ దగ్గర రిజిస్టరు ఉంటుంది, బిడ్డ పుట్టిన ఏడాది చెప్తే వెతుకుతుంది. దొరకకపోతే వేయలేదనుకుని, ఈ వయసుకు ఏవి వేయాలో అవి వేస్తారు. ఒక డోసు ఎక్కువ పడినా ప్రాణానికి ఏం కాదు. రేపు బుధవారమే, సబ్‌సెంటర్లో టీకాల రోజు. ఎన్నో తరగతి? రెండా? అయితే ఐదేళ్ల బూస్టరు ఎట్లాగూ చూసుకోవాలి. బాబు వచ్చాడా? ఇట్లా తీసుకరా. చొక్కా చెయ్యి పైకి లాగు నాన్నా, ఎడమ చెయ్యి... ఇంకొంచెం పైకి. ఇదిగో, మచ్చ ఉంది. బీసీజీ పడింది. ఒక గడి నిండింది అవ్వా, మిగతావి రేపు చూద్దాం.